ఒకరోజు తగ్గిన ఆయిల్, మరో రోజు పెరిగిన ఆయిల్: ఒక బోటు ఇంజిన్ ఆయిల్ కూలర్ మార్చిన కేసు

ఇది ఒక వర్క్‌బోటు కేసు. ఆరు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజిన్, దానికి హైడ్రాలిక్ గేర్‌బాక్స్. ఇంజిన్ లోపల తిరిగేది కూలెంట్. ఆ కూలెంట్‌నీ, ఇంజిన్ ఆయిల్‌నీ, గేర్ ఆయిల్‌నీ చల్లబరిచేది సముద్రపు నీరు. ఆ నీటి దారి ఇలా ఉంటుంది: సీ కాక్ (సముద్రపు నీరు లోపలికి వచ్చే వాల్వు), స్ట్రైనర్ (వడపోత), రబ్బరు ఇంపెల్లర్ (రెక్కల చక్రం) ఉన్న పంపు, ఇంజిన్ ఆయిల్ కూలర్, గేర్ ఆయిల్ కూలర్, కూలెంట్‌ను చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్, చివరికి పొగ గొట్టంలో నీరు కలిసే ఎగ్జాస్ట్ ఎల్బో. పంపు దాటగానే మొదట ఎదురయ్యేది ఇంజిన్ ఆయిల్ కూలరేనన్న సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

బోటు వాళ్లు చెప్పింది వింటే మొదట ఒకదానికొకటి పొసగలేదు. దూరం వెళ్లొచ్చిన రోజు డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గి కనిపిస్తుంది. రెండు మూడు రోజులు కట్టేసి ఉంచి చూస్తే పెరిగి ఉంటుంది. తగ్గినప్పుడల్లా పోస్తూ వచ్చారు. పెరిగినప్పుడేమో, కిందటిసారి పోసింది ఎక్కువైందనుకున్నారు. చివరికి ఒక ఉదయం డిప్‌స్టిక్ బయటికి తీస్తే ఆయిల్ బూడిద తెలుపు రంగులో చిక్కగా అంటుకుని వచ్చింది. అక్కడితో ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఆపేశారు. ఈ కేసులో బేరింగులు బతికి బయటపడటానికి అన్నిటికంటే పెద్ద కారణం అదే.

నేను వెళ్లేసరికే నిర్ణయం జరిగిపోయింది: హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిందని. గాస్కెట్ సెట్ తెప్పించే ప్రయత్నం కూడా మొదలైంది. ఆయిల్‌లో నీళ్లు కనిపిస్తే చాలామంది ముందు హెడ్ వైపే చూస్తారు. రోడ్డు మీద నడిచే బండికి ఆ అలవాటు చాలావరకు సరిపోతుంది. బోటు ఇంజిన్‌లో ఆయిల్‌కు కూలెంట్ ఒక పక్కన, సముద్రం ఇంకో పక్కన ఉంటాయి. ఏ పక్క నుంచి నీళ్లు వచ్చాయో తేలకుండా పానా పట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు.

బోటు నడిపే సరంగును ఒకటే అడిగాను.

"ఆయిల్ ఎప్పుడు తగ్గింది, ఎప్పుడు పెరిగింది... ఎక్కడైనా రాసిపెట్టావా?"

"రాశానన్నా. లాంగ్ రన్ కొడితే తగ్గేది. కట్టేసి ఉంచితే పెరిగేది. చెప్తే మావాళ్లు నమ్మలేదు, డిప్‌స్టిక్ సరిగా చూడట్లేదన్నారు."

అతను సరిగానే చూశాడు. రోగం పేరు అతని లాగ్‌బుక్‌లోనే ఉంది, చదివి చెప్పేవాళ్లే దొరకలేదు.

ఒత్తిడి ఎటు ఉంటే లీకు అటు

నడుస్తున్న ఇంజిన్‌లో ఆయిల్ పంపు కూలర్‌లోకి ఆయిల్‌ను సుమారు 4 బార్ ఒత్తిడితో నెడుతుంది. పక్కనే ట్యూబుల్లో పారే సముద్రపు నీటి ఒత్తిడి ఈ తరహా ఇంజిన్‌లో 1 బార్ కూడా ఉండదు. ఈ రెంటికీ మధ్య ఉన్నది పలచని ట్యూబు గోడ. దానికి చిల్లు పడితే, ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఆయిలే నీళ్లలోకి పోతుంది, ఎగ్జాస్ట్ నీటితో కలిసి సముద్రంలో పడుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం దిగుతుంది.

ఇంజిన్ ఆపిన కొద్ది సెకన్లలో ఆయిల్ ఒత్తిడి సున్నాకు పడిపోతుంది. నీళ్లు మాత్రం ట్యూబుల్లో నిలిచే ఉంటాయి. ఈ బోటులో కూలర్ నీటిమట్టానికి సుమారు 40 సెంటీమీటర్ల కింద ఉంది. కట్టేసినప్పుడు కూడా సీ కాక్ తెరిచే ఉంచేవారు. 40 సెంటీమీటర్ల నీరు ఇచ్చే ఒత్తిడి 0.04 బార్ మాత్రమే. అయినా అవతలి వైపు ఎదురేమీ లేనప్పుడు అది చాలు. ఆగి ఉన్న పంపులో రబ్బరు ఇంపెల్లర్ నీటిని పూర్తిగా ఆపలేదు, సన్నగా జారనిస్తూనే ఉంటుంది. అలా రాత్రంతా కూలర్ గుండా సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) నీళ్లు దిగుతూనే ఉంటాయి. మట్టం పెరుగుతుంది.

అంటే పొంతన లేనట్టు కనిపించిన ఆ రెండు మాటలూ ఒకే చిల్లు గురించి చెబుతున్నాయి.

హెడ్ గాస్కెట్ మీద అనుమానానికి ఇక్కడే పెద్ద దెబ్బ తగిలింది. కూలెంట్ ఆయిల్‌లోకి పోతుంటే, కూలెంట్ పోసే హెడర్ ట్యాంకులో మట్టం దిగాలి. ఇక్కడ దిగలేదు, ఎవరూ అందులో పోయలేదు కూడా. కూలెంట్ రంగు మారలేదు, పైన ఆయిల్ తెట్టు లేదు.

విప్పకముందే తేల్చుకున్నవి

సముద్రపు నీరు ఇంజిన్ ఆయిల్‌లోకి రావడానికి కూలర్ ఒక్కటే దారి కాదు, మిగతావి కూడా వరుసగా చూశాం. గేరుతో తిరిగే రా వాటర్ పంపులో (సముద్రపు నీటి పంపులో) నీటి సీలుకూ ఆయిల్ సీలుకూ మధ్య ఒక చిన్న రంధ్రం ఉంటుంది. సీలు పోతే కారడం అక్కడ కనిపించాలి. ఆ రంధ్రం ఉప్పుతో, పెయింటుతో మూసుకుపోతే నీళ్లు బయటికి పోలేక క్రాంక్‌కేస్‌లోకి దారి వెతుక్కుంటాయి. సన్నని తీగతో పొడిచి చూశాం. తెరిచే ఉంది, పొడిగా ఉంది. ఎగ్జాస్ట్ నుంచి నీళ్లు వెనక్కి వచ్చి సిలిండర్‌లో దిగిందేమో చూడటానికి ఇంజెక్టర్లు విప్పి, ఇంజిన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాం. ఎక్కడా నీటి చుక్క రాలేదు. ఈ పని కేవలం అనుమానం తీర్చుకోవడానికి కాదు. సిలిండర్‌లో నీళ్లు ఉండగా స్టార్టర్ కొడితే నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆయిల్‌లో నీళ్లు కనిపించిన ఏ ఇంజిన్‌నైనా ముందు చేత్తో తిప్పి చూడాలి.

తర్వాత నీటి స్వభావం. సంప్ అడుగు నుంచి తీసిన నమూనాను కదపకుండా ఉంచితే అడుగున కొంత నీరు విడిపడింది. ఆ నీటిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణం చుక్క వేస్తే వెంటనే చిక్కగా తెల్లని అవక్షేపం ఏర్పడింది. క్లోరైడ్ ఉందనడానికి అది గుర్తు. పోల్చుకోవడానికి హెడర్ ట్యాంకులోని కూలెంట్‌కూ అదే పరీక్ష చేశాం. దానిలో లీలగా మసక మాత్రమే కనిపించింది. సముద్రపు నీటిలో కిలోకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి, అందులో సగానికి పైగా క్లోరైడే. కాబట్టి తేడా కంటికే తెలుస్తుంది.

మిగిలింది ఆయిల్ బయటికి పోతోందనడానికి రుజువు. ఎగ్జాస్ట్ నీటి మీద రంగులు కనిపిస్తే చాలదు. సగం కాలిన డీజిల్ వల్ల కూడా అవి వస్తాయి, టర్బో సీలు పోయినా వస్తాయి. అందుకని ఎగ్జాస్ట్‌లో కలవక ముందే నీటిని పట్టాలి. హీట్ ఎక్స్‌ఛేంజర్ ఎండ్ క్యాప్ కింద సముద్రపు నీటి డ్రెయిన్ ప్లగ్ ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే దాన్ని తెరిచి గాజు సీసాలో పట్టాం. నీటి పైన నల్లటి ఆయిల్ పొర తేలింది. గేర్ ఆయిల్ తేటగా ఉంది, మట్టం మారలేదు. కాబట్టి ఆ పొర ఇంజిన్ ఆయిలే. గాస్కెట్ సెట్ తెప్పించే ప్రయత్నం అక్కడితో మానేశారు.

కూలర్ తెరిచాక

సీ కాక్ మూసి, బ్యాటరీ నెగెటివ్ తీసి, కీ దగ్గర ట్యాగ్ కట్టాం. కూలర్‌లో నీళ్లు దింపేశాం. ఇది షెల్ అండ్ ట్యూబ్ రకం. సన్నని కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిసిన లోహం) ట్యూబుల కట్ట లోపల నీరు పారుతుంది, వాటి చుట్టూ షెల్‌లో బాఫిల్ ప్లేట్ల మధ్య ఆయిల్ మెలికలు తిరుగుతూ వెళ్తుంది. రెండు చివర్లా బోల్టులతో బిగించే ఎండ్ క్యాపులుంటాయి. ఇన్లెట్ క్యాపులో జింక్ ఆనోడ్ ఉండాలి, కూలర్ లోహానికి బదులు తాను కరిగిపోయే జింక్ ముక్క అది.

ఆ క్యాపు ఊడదీయడానికి చాలా ఓపిక పట్టాల్సి వచ్చింది. బోల్టులు ఉప్పుతో పట్టేశాయి. పెనిట్రేటింగ్ ఆయిల్ పోసి నానబెట్టి, కొద్దిగా బిగిస్తూ, కొద్దిగా వదులుతూ తీశాం. క్యాపుకూ ట్యూబ్ ప్లేటుకూ మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి లేపడం చూస్తుంటాను. అది సీలు కూర్చునే ముఖాన్ని గీసేస్తుంది. చెక్క సుత్తితో క్యాపు పక్కల తడితే వచ్చేస్తుంది.

లోపల చూస్తే ట్యూబు నోళ్లలో మూడో వంతుకు పైగా మూసుకుపోయి ఉన్నాయి. రబ్బరు ముక్కలు, విరిగిన జింక్ ముక్క, గుల్లల పెంకులు, ఉప్పు పేరుకున్న మడ్డి. ఆనోడ్ ప్లగ్ తీస్తే ఇత్తడి తల ఒక్కటే చేతికొచ్చింది, జింక్ జాడే లేదు. మూసుకుపోయిన చోటుకు చుట్టూ తెరిచి ఉన్న ట్యూబుల నోళ్లు చూస్తే అసలు సంగతి అర్థమైంది. మొదటి రెండు మూడు సెంటీమీటర్ల దాకా లోహం మెరుస్తూ, గుర్రపు డెక్క ఆకారంలో తినేసిన గుంటలు. లోహం మీద సహజంగా ఏర్పడి దాన్ని కాపాడే పొరను నీటి వేగం ఊడ్చేస్తూ, కింద ఉన్న లోహాన్ని కొంచెం కొంచెం తీసుకుపోతే పడే గుంటలు అవి.

రా వాటర్ పంపు ప్రతి చుట్టుకూ దాదాపు ఒకే పరిమాణం నీటిని తోస్తుంది. ట్యూబులు కొన్ని మూసుకుపోయాయని అది ఆగదు. ఆ నీరంతా మిగిలిన ట్యూబుల్లోంచే పోవాలి. మూడో వంతు మూసుకుపోతే మిగిలిన వాటిలో వేగం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. 90/10 (90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెల్) కుప్రోనికెల్ ట్యూబుల్లో సముద్రపు నీటి వేగం సెకనుకు 2 నుంచి 3 మీటర్లు దాటకుండా డిజైన్ చేస్తారు. సన్నని ట్యూబులకు ఆ హద్దు ఇంకా తక్కువ. ఆ హద్దు దాటితే రక్షణ పొర నిలవదు. పైగా ట్యూబు నోట్లో సగం ఇరుక్కున్న ముక్క పక్కనుంచి నీరు సుడులు తిరుగుతూ దూరుతుంది. ఆ ముక్క వెనకే గోడ వేగంగా పలచబడుతుంది.

లీకు ఎక్కడుందో కంటితో చూడాలని షెల్ ఆయిల్ వైపు రెండు పోర్టులకూ అడాప్టర్లు బిగించి, రెగ్యులేటర్ గుండా 2 బార్ గాలి పెట్టి, ట్యూబు నోళ్ల మీద సబ్బు నీళ్లు పూశాం. మూసుకున్న గుంపుకు ఆనుకుని ఉన్న రెండు ట్యూబుల్లోంచి బుడగలు వచ్చాయి. గాలితో పరీక్ష చేసేటప్పుడు రెగ్యులేటర్ లేకుండా కంప్రెసర్ నేరుగా కలపకూడదు, ఎండ్ వైపు ముఖం పెట్టి చూడకూడదు. నీళ్లతో పరీక్ష అయితే ప్రమాదం తక్కువే, కానీ ఇంత సన్నని చిల్లును గాలి చూపించినంత త్వరగా నీళ్లు చూపించవు.

ప్లగ్ కొట్టాలా, కూలర్ మార్చాలా

"రెండు ట్యూబులే కదా అన్నా, ప్లగ్ కొట్టేస్తే సరిపోదా?" అని బోటు వాళ్లు అడిగారు. సబబైన ప్రశ్నే. పెద్ద కూలర్లలో లీకయ్యే ట్యూబు రెండు చివర్లా టేపర్ ప్లగ్ కొట్టి నడపడం మామూలే. వందల ట్యూబులున్న చోట పది శాతం దాకా పోయినా సర్దుకుపోతారు. సముద్రం మధ్యలో ఉంటే నేనూ అదే చేసి ఒడ్డుకు రమ్మంటాను.

ఇక్కడ వద్దన్నాను. ఈ కూలర్ చిన్నది, ట్యూబులు తక్కువ. లీకైనవి రెండే అయినా, వాటి చుట్టూ గోడ పలచబడ్డవి చాలా ఉన్నాయి. ప్లగ్ కొట్టిన ప్రతి ట్యూబూ మిగిలిన వాటిలో వేగం ఇంకాస్త పెంచుతుంది. అసలు జబ్బే వేగమైనప్పుడు ప్లగ్గులు దాన్ని పెంచుతాయే తప్ప తగ్గించవు. ఈసారి కట్టేసి ఉండగా కాక రాత్రిపూట లోడు మీద నడుస్తుండగా ట్యూబు పగిలితే, 4 బార్ ఒత్తిడితో సంప్ ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టదు. మనుషులు ఎక్కే బోటుకు అలాంటి రిస్కు నేను ఒప్పుకోను.

కొత్త కూలర్ ఎంచుకునేటప్పుడు పైపు సైజు కలిసిందా అని మాత్రమే చూసి కొనేవాళ్లు ఉన్నారు. మేం చూసినవి వేరే: ఎంత వేడి తీయగలదు, నీరు కూలర్‌లో ఎన్ని పాసులు (ఆ చివర నుంచి ఈ చివరకు ఎన్నిసార్లు) తిరుగుతుంది, ఆ పంపు ఇచ్చే ప్రవాహానికి ట్యూబుల్లో వేగం ఎంత వస్తుంది, ఆయిల్ వైపు ఒత్తిడి ఎంత తట్టుకుంటుంది, ట్యూబుల లోహం ఏది, ఆనోడ్‌కు చోటుందా, ఆ ఆనోడ్ ఊడదీయడానికి చెయ్యి పడుతుందా. ఈ చివరిది నాకు చాలా ముఖ్యం. చెయ్యి పట్టని చోట ఉన్న ఆనోడ్‌ను ఎవరూ మార్చరు. "ఇంకాస్త పెద్దది వేద్దాం, చల్లగా ఉంటుంది" అన్న మాట కూడా వచ్చింది. ఆయిల్ మరీ చల్లగా ఉన్నా నష్టమే. చిక్కగా ఉండిపోతుంది, అందులో చేరిన తేమ ఆవిరై బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే గొట్టం) గుండా బయటికి పోదు. లోడు మీద ఆయిల్ దాదాపు 85 నుంచి 105 డిగ్రీల మధ్య నిలబడటం ఈ తరహా ఇంజిన్‌కు ఆరోగ్యం. చివరికి తయారీదారు చెప్పిన సామర్థ్యం ఉన్న కూలరే, కుప్రోనికెల్ ట్యూబులతో తెప్పించాం.

బిగింపు

పాతది తీయకముందే ఫోటోలు తీసుకున్నాం. ఏ హోసు ఎటు, ఇన్లెట్ ఏ వైపు అన్నవి గుర్తులతో సహా. ఆయిల్, నీరు ఎదురెదురుగా పారేలా డిజైన్ చేసిన కూలర్‌ను తిప్పి బిగిస్తే పని చేస్తున్నట్టే ఉంటుంది, కానీ లోడు పడ్డప్పుడు చల్లబరిచే శక్తి చాలదు. ఆయిల్ హోసులు రెండూ కొత్తవి వేశాం. పాతవి బయటికి బాగానే ఉన్నాయి గానీ లోపలి రబ్బరు ఉబ్బి మెత్తబడింది. దాన్నుంచి ఊడే పేలిక నేరుగా బేరింగు దాకా పోగలదు. రాగి వాషర్లు కొత్తవి, ఓ-రింగులు కొత్తవి. ఎండ్ క్యాపు బోల్టులు ఎదురెదురుగా, దఫాలుగా, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ దాకా బిగించాం. ఆనోడ్ మరకు టేపు చుట్టలేదు. జింక్‌కూ కూలర్ లోహానికీ మధ్య లోహపు స్పర్శ ఉంటేనే ఆనోడ్ పని చేస్తుంది, టేపు దాన్ని చెడగొట్టగలదు. నీటి హోసులకు స్పిగాట్ (హోసు ఎక్కించే గొట్టం మూతి) పొడవు సరిపోయిన చోటల్లా రెండేసి స్టెయిన్‌లెస్ క్లిప్పులు వేశాం. ఫిల్టర్ హెడ్‌లో ఉండే బైపాస్ వాల్వు కూడా విప్పి చూశాం. చల్లని చిక్కటి ఆయిల్ కూలర్‌ను తప్పించుకుని వెళ్లడానికి ఉండేది అది. స్ప్రింగు బాగుంది, సీటు మీద బురద ఉంటే తుడిచాం.

కూలర్ బిగించడం మొత్తానికి తేలికైన భాగం.

ఇంజిన్ లోపలి నుంచి సముద్రాన్ని బయటికి పంపడం

కూలర్ మార్చి, ఆయిల్ మార్చి, "అయిపోయింది" అని ఇంజిన్ అప్పగిస్తే కొన్ని నెలల్లో క్రాంక్ కూర్చునే చోట తుప్పు గుంటలతో ఆ ఇంజిన్ తిరిగి వస్తుంది. డ్రెయిన్ ప్లగ్ తీస్తే సంప్ అడుగున ఉన్నది మాత్రమే పోతుంది. గ్యాలరీల్లో (ఇంజిన్ లోపల ఆయిల్ పారే దారుల్లో), ఫిల్టర్ హెడ్‌లో, టర్బో పైపుల్లో, రాకర్ కవర్ కింద, పిస్టన్ కూలింగ్ జెట్లలో ఉప్పు కలిసిన ఆయిల్ పట్టుకునే ఉంటుంది. ఉప్పు ఆవిరి కాదు. నీళ్లు వేడికి పోయినా అది అక్కడే మిగులుతుంది.

సంప్‌ను పంపుతో ఖాళీ చేసి, పక్క తలుపు తెరిచి చేత్తో తుడిచాం. దూది పీచు మిగలని గుడ్డలతోనే. చెయ్యి అందిన ఒక బిగ్ ఎండ్ బేరింగ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ను పట్టుకునే చోటి బేరింగు) క్యాపు విప్పి బేరింగు షెల్ చూశాం. సీసం, తగరం ఉండే పై పూతను ఉప్పు నీరు ముందుగా తింటుంది. ఇక్కడ అక్కడక్కడ బూడిద మచ్చలు కనిపించాయి, కానీ పూత లేవలేదు, గోరుకు తగిలే గుంట లేదు. క్రాంక్ పిన్ నునుపుగా ఉంది. వెంటనే ఆపిన సరంగు పుణ్యమే ఇది. పాత ఫిల్టర్‌ను కోసి కాగితం విప్పి చూస్తే, నీళ్లకు మడతలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అలాంటి ఫిల్టర్ గుండా ఆయిల్ సరిగా పోదు, బైపాస్ తెరుచుకుని వడకట్టని ఆయిల్ ఇంజిన్‌లోకి వెళ్తుంది. బేరింగు లోహపు తునకలు మాత్రం అందులో కనిపించలేదు. అందుకే బేరింగులు మార్చకుండా ముందుకు వెళ్లాలని నిర్ణయించాం. తునకలు ఒక్కటి కనిపించినా క్రాంక్ దింపేవాణ్ణి.

ఫ్లషింగ్‌కు డీజిల్ పోయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. నేను ఆ పని చేయను, ఎవరినీ చేయనివ్వను. డీజిల్ ఆయిల్ పొరను పలచన చేస్తుంది, మూలల్లో నిలిచిపోయి తర్వాత పోసిన మంచి ఆయిల్‌నూ పాడుచేస్తుంది. అప్పటికే ఉప్పు తగిలిన బేరింగును పలచని ఆయిల్ మీద తిప్పడం చేజేతులా చెడగొట్టడమే. ఇంజిన్‌కు చెప్పిన గ్రేడు ఆయిలే పోశాం, కొత్త ఫిల్టర్ వేశాం. ఇంధనం రాకుండా స్టాప్ సోలినాయిడ్ తీసి, ఇంజెక్టర్లు ఇంకా బిగించకముందే, స్టార్టర్‌తో కొద్దికొద్దిగా తిప్పి గేజ్‌లో ఆయిల్ ఒత్తిడి వచ్చేదాకా ఆగాం. టర్బోకు వెళ్లే పైపు విప్పి, తేట ఆయిల్ వచ్చాకే తిరిగి కలిపాం. ఆ తర్వాత ఇంజెక్టర్లు బిగించి స్టార్ట్ చేసి, ఐడిల్‌లో కాసేపు నడిపి, వెచ్చగా ఉండగానే దింపేశాం.

దింపిన ఆయిల్‌ను ప్రతిసారీ పరీక్షించాం. సుమారు 150 డిగ్రీల వేడి ఉన్న ప్లేటు మీద ఒక చుక్క వేస్తే, నీరుంటే చిటపటలాడుతూ బుడగలు వస్తాయి. సుమారు 0.1 శాతం నీరున్నా అది చెప్పేస్తుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఆయిల్ తేటపడి, ప్లేటు మీద చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆయిల్, ఫిల్టర్ మారుస్తూనే ఉన్నాం. చూడటానికి తేటగా ఉన్న ఆయిల్ కూడా ప్లేటు మీద చిటపటలాడింది. కంటిని మాత్రమే నమ్మి ఉంటే ముందే ఆపేసేవాళ్లం.

ఈ మొత్తం పనిలో వచ్చిన ఆయిల్-నీళ్ల మిశ్రమం ఒక్క చుక్క కూడా బిల్జ్ (బోటు అడుగున నీళ్లు చేరే గుంట) నుంచి బయటికి పంపనివ్వలేదు. ఓడల నుంచి ఆయిల్ పారబోయడం మీద మార్పోల్ (ఓడల కాలుష్యాన్ని ఆపే అంతర్జాతీయ ఒప్పందం) అనెక్స్ 1 నియమాలు 1983 నుంచి అమల్లో ఉన్నాయి. ఓడల యంత్రాల గది నుంచి వడకట్టి వదిలే నీటిలో ఆయిల్ 15 పీపీఎం (పది లక్షల పాళ్లలో 15) మించకూడదు. బిల్జ్‌లో సబ్బు పొడి చల్లితే ఆయిల్ కనిపించదని కొందరు చేస్తుంటారు. సబ్బు ఆయిల్‌ను చిన్న చుక్కలుగా చేసి నీటిలో కలిపేస్తుంది, సెపరేటర్ కూడా దాన్ని పట్టలేదు. మొత్తం మూత బిగించే డ్రమ్ముల్లోకి ఎత్తి, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇచ్చాం.

రబ్బరు ముక్కల లెక్క

కూలర్ క్యాపులో దొరికిన రబ్బరు ముక్కలు ఎక్కడివో అడిగితే, కొన్ని నెలల కిందట ఇంపెల్లర్ చెడిపోతే మార్చారని తెలిసింది. కొత్తది వేశారు, నీళ్లు వచ్చాయి, పని అయిందనుకున్నారు. అదృష్టం కొద్దీ పాత ఇంపెల్లర్ స్పేర్ల పెట్టెలో ఉంది. గుడ్డ మీద పెట్టి, దొరికిన ముక్కల్ని విరిగిన రెక్కల మొదళ్లకు ఒక్కొక్కటే ఆనించి చూశాం. ఐదు రెక్కలు విరిగాయి. నాలుగింటికి ముక్కలు సరిపోయాయి. ఐదోది లేదు.

అది దొరికేదాకా కొత్త కూలర్ గుండా నీళ్లు పంపలేదు, ఫ్లషింగ్‌కు ఇంజిన్ స్టార్ట్ చేసింది కూడా అది దొరికాకే. పంపు నుంచి కూలర్‌కు వెళ్లే హోసులో ఒక పదునైన వంపు ఉంది, అక్కడ లోపలి గోడకు అతుక్కుని కనిపించింది. మొదటిసారి ఫుల్ స్పీడు కొట్టగానే అది కొత్త ట్యూబుల నోట్లో పడేది. గేర్ కూలర్, హీట్ ఎక్స్‌ఛేంజర్ ఎండ్ క్యాపులు కూడా విప్పి చూశాం. చిన్న జింక్ తునకలు, మడ్డి తప్ప పెద్దగా ఏమీ లేదు. శుభ్రం చేసి ఆనోడ్లు మార్చాం.

ఇంపెల్లర్ రెక్కలు విరిగితే, విరిగిన ప్రతి ముక్కా దొరికేదాకా ఆ పని పూర్తయినట్టు కాదు. ఈ మాట నేను ఎన్ని బోట్లలో చెప్పినా మళ్లీ చెబుతాను, ఎందుకంటే ఈ కేసులో కూలర్‌ను చంపింది తుప్పు కాదు, వయసు కాదు. నీటి దారిలో ఎవరూ వెతకని ఆ రబ్బరు. జింక్ లేకపోవడం దానికి తోడైంది. ఆనోడ్ సగం కరిగినప్పుడే మార్చాలి. మరీ చివరిదాకా ఉంచితే సన్నబడి విరిగి, అది కూడా అడ్డుపడే ముక్కగా మారుతుంది.

ట్రయల్, ఆ తర్వాత

ఇంజిన్ ఐడిల్‌లో వేడెక్కాక నెమ్మదిగా లోడు పెంచాం. ఫుల్ లోడు మీద ఆయిల్ ఉష్ణోగ్రత 90 దాటి నిలకడగా ఆగింది. ఒత్తిడి మాన్యువల్ హద్దుల్లోనే ఉంది. బ్రీదర్ గొట్టం నోటి దగ్గర మొదట్లో తెల్లని మడ్డి కనిపించింది, లోడు మీద కొంతసేపు నడిచాక ఆగిపోయింది. ఆగిన తర్వాత హీట్ ఎక్స్‌ఛేంజర్ డ్రెయిన్ నుంచి మళ్లీ నీరు పట్టి చూస్తే పైన పొర లేదు. ఆ రాత్రి సీ కాక్ తెరిచే ఉంచమన్నాను, కావాలనే. కొత్త కూలర్ మీద పాత పరిస్థితిలోనే పరీక్ష జరగాలి. పొద్దున డిప్‌స్టిక్ మట్టం రాత్రి పెట్టిన గీత మీదే ఉంది. ఆ తర్వాత మాత్రం కట్టేసినప్పుడు సీ కాక్ మూయడం, స్టార్ట్ చేసే ముందు తెరవడం వాళ్ల పద్ధతిగా పెట్టాం. మర్చిపోకుండా ఇంజిన్ కీని సీ కాక్ హ్యాండిల్‌కే తగిలించి ఉంచుతున్నారు.

10 గంటల రన్ తర్వాత ఒక ఆయిల్ నమూనా, 50 గంటల తర్వాత మరొకటి ల్యాబుకు పంపించాం, పోల్చడానికి డబ్బాలోని కొత్త ఆయిల్ నమూనా కూడా. సముద్రపు నీటిలో మెగ్నీషియానికి సుమారు ఎనిమిది రెట్లు సోడియం ఉంటుంది. కొన్ని ఆయిల్స్ అడిటివ్‌లోనే మెగ్నీషియం ఉంటుంది కనుక కొత్త ఆయిల్ లెక్క పక్కన లేకపోతే రిపోర్టు చదవడం కష్టం. మొదటి నమూనాలో సోడియం కొత్త ఆయిల్ కంటే కాస్త ఎక్కువ వచ్చింది, మూలల్లో మిగిలిన ఉప్పు అది. ఆయిల్, ఫిల్టర్ మళ్లీ మార్చాం. రెండో నమూనాలో సోడియం కొత్త ఆయిల్ స్థాయికి దిగింది. సీసం, తగరం పెరగలేదు, అంటే బేరింగు పూత నిలబడింది. తర్వాతి చెక్‌లో ఇన్లెట్ క్యాపు విప్పి ట్యూబు నోళ్లు చూడటం, ఆనోడ్ ఎంత మిగిలిందో కొలిచి రాయడం, ఈ రెండూ సరంగు లాగ్‌బుక్‌లో డిప్‌స్టిక్ లెక్కల పక్కనే చేరాయి.